దొర ఉన్నాడు

ఒకటో రోజు, గురువారం. వెలిగుంట మలుపు.

నా భయాలన్నీ తన చెవిలో పోయకుండా ఒక పుస్తకం కొనుక్కుని అందులో రాసుకోమని జ్ఞానమ్మ వదిన చెప్పింది. అందుకని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. ఒత్తులు తప్పితే తప్పనీ, నేను తప్ప చదివేవాళ్ళు ఎవరున్నారు.

ఈ రోజు భయాలు ఇవి. బండి వెనక చక్రంలో గాలి తగ్గినట్టు కనిపిస్తోంది. కప్పు మీద సోలార్ ప్లేటు ఒక మూల బీటవారింది. పోలి పొద్దున్నుంచీ గడ్డి తింటోంది, దాని కడుపులో ఏం జరుగుతోందో. నీళ్ళ ట్యాంకులో కర్ర పెట్టి చూస్తే నాలుగు వేళ్ళు తడిసింది. కొమ్మవరం గేటులో నీళ్ళు వదిలేది శనివారం.

పోలి నా ఎర్ర కుక్క, రెండేళ్ళది, నాలాగే ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతుంది. నల్ల కుక్క పేరు దొర. వాడికి పదకొండేళ్ళు. ఎండకి తారు కాలుతుందని ఇద్దరికీ ట్యూబు రబ్బరుతో జోళ్ళు కుట్టాను. పోలి కొరికి పారేసింది. దొర మాత్రం వాటిని వేసుకుని తహసీల్దారులాగా నడుస్తాడు.

మేం ముగ్గురం ఉండేది పాత పశువుల ఆస్పత్రి బండిలో. మా ఆయన కాంపౌండరు. ఈ బండిలోనే ఊళ్ళు తిరిగి గొడ్లకి సూదులు వేసేవాడు, నాకు తోలడం నేర్పింది కూడా ఆయనే. నీళ్ళు లేక ఊళ్ళలో గొడ్లు పోయాయి, తర్వాత ఆస్పత్రి పోయింది, ఆయనా పోయాడు. బండి మిగిలింది. మందుల అలమరలో బియ్యం, పప్పు పెట్టుకున్నాను. దూడల్ని పడుకోబెట్టే బల్ల మీద పడుకుంటాను. ఏ ఊళ్ళో ఏ రోజు నీళ్ళు వదులుతారో చూసుకుని చిన్న దారులు పట్టుకు తిరుగుతాను. పెద్ద రోడ్డు మీదికి మనుషులు తోలే బండ్లను రానివ్వరు.

పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు, సిగ్నలు స్తంభం కనిపిస్తే చాలు. తోలేవాడు లేని లారీలు తొమ్మిదేసి ఒక బారుగా మొక్కజొన్న వేసుకుని రేవుకి పోతుంటాయి. ముందు లారీకి కన్ను ఉంటుంది. ఎండలో తారు నీళ్ళలా మెరిసేటప్పుడు ఆ కంటికి అనుమానం వస్తుంది. అప్పుడు ఆ బొమ్మ నా ట్యాబులోకి వచ్చి గంట మోగుతుంది. ఎనిమిది అంకెలు లెక్కపెట్టేలోపు అక్కడ ఏముందో నోటితో చెప్పాలి. మామూలుగా ఎలా మాట్లాడుకుంటామో అలాగే చెప్పమన్నారు, మా మాట విని అది నేర్చుకుంటుందట. మనుషులైతే లారీ ఆగి నిలబడుతుంది. గొడ్డో మేకో అయితే హారన్ కొడుతూ పోతుంది, అదే తప్పుకుంటుంది.

అదే బొమ్మ జ్ఞానమ్మ వదినకీ పోతుంది. ఆమె సముద్రం వైపు, ఉప్పు మళ్ళ పక్కన ఒక గదిలో కూర్చుని ఇదే పని చేస్తుంది. ఇద్దరి మాటా కలవకపోతే లారీ ఆగుతుంది, మా ఇద్దరికీ చెరో మచ్చ పడుతుంది. మూడు మచ్చలైతే లైను తీసేస్తారు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. నాలుగేళ్ళుగా ఆమె దగ్గు నాకు తెలుసు, నా భయాలు ఆమెకు తెలుసు.

ఇక్కడ మలుపులో లారీలు ఒరిగి గింజలు జారతాయి. వెలిగుంట ఆడవాళ్ళు ఐదారుగురు చీపుర్లతో ఊడ్చి గోతాల్లో ఎత్తుకుంటున్నారు. మూడు గంటల బారు వచ్చినప్పుడు ఆ బొమ్మ మాకే వచ్చింది. ఆడవాళ్ళు ఊడుస్తున్నారు అన్నాం ఇద్దరం. లారీ బుద్ధిగా ఆగింది, వాళ్ళు పక్కకి జరిగాక పోయింది. ఈ ఒక్క విషయంలో ఈ రోజు భయం లేదు.

రెండో రోజు, శుక్రవారం. అక్కడే.

పప్పు పొయ్యి మీద పెట్టి పది గంటల బారు కోసం ట్యాబు ముందు కూర్చున్నాను. గంట మోగింది. బొమ్మలో రోడ్డు మధ్య నల్లగా ఏదో ఉంది. చూస్తే జోళ్ళు. అది మా దొర, కుక్క, రోడ్డు మీద పడుకున్నాడు అన్నాను. జోళ్ళ సంగతి జ్ఞానమ్మ వదినకు చెప్పి ఉన్నాను కాబట్టి ఆమె కూడా మా వదిన దొర పడుకున్నాడు అందట.

నేను మోకాళ్ళు పట్టుకుంటూ మలుపు దాకా పోయేసరికి తొమ్మిది లారీలూ నిలబడి ఉన్నాయి. హారన్ లేదు, చప్పుడు లేదు. వాటి ముందు దొర కాళ్ళు చాపుకుని ఉన్నాడు. మెడపట్టా పట్టి లాగినా లేవడు. ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని చుట్టూ చేరి నవ్వుతున్నారు. వాళ్ళలో బాపనమ్మ అనే ఆమెకి నోరెక్కువ.

“మీ కుక్కకి ఆగింది చూడవ్వా. మొన్న నేనొక్కదాన్నే ఊడస్తావుంటే ఆగలా. గోతం ఇడిసిపెట్టి దూకినా. ఇదిగో మోచెయ్యి.”

“కుక్కకి పేరుంది, జోళ్ళున్నాయి. నీకేముందే,” అంది పక్కనామె.

“మా ఆయనకైతే ఆగుద్ది అవ్వా. బీడీ ముట్టించుకుని నడిరోడ్డు మీద నిలబడ్డా ఆగుద్ది. మేం అందరం ఉన్నా ఆగుద్ది. ఒక్కదాన్నయితేనే దానికి కళ్ళు పోతాయి.”

మళ్ళీ నవ్వారు. నవ్వనిది మంగతాయి ఒక్కతే. ముప్పై ఏళ్ళుంటాయి, పుట్టు చెవుడు. ఎవరి పెదవులు కదిలితే వాళ్ళ ముఖం చూస్తుంది. ఆమె వచ్చి దొర పక్కన కూర్చుని వాడి చెవుల వెనక గోకింది. వాడు లేచాడు. నాకు లేవనివాడు ఆమెకి లేచాడు.

బండిలోకి రాగానే ఆఫీసు నుంచి సుహాస్ సారు ఫోను. మంచివాడే, ఎప్పుడూ తొందరలో ఉంటాడు.

“తిరపతమ్మ గారూ, కుక్కని పట్టుకుని మనిషి అన్నారేంటండీ. పదకొండు నిమిషాలు నిలబడ్డాయి.”

కుక్క అనే చెప్పాను సార్ అన్నాను. ముందు ఎన్ని మాటలన్నా అది విని దాచుకుంటుందట, లారీ నడిచేది మాత్రం చివరి మాటతోనేనట. మనుషులు పొడుగ్గా మాట్లాడతారని అలా పెట్టారట. పడుకున్నాడు అంటే దానికి మనిషి. గొడ్డైతే పడుకుంది అనాలి. ఈ తప్పును దిద్దిస్తాను, ఇంకోసారి ఇలా అనకండి అన్నాడు. ఇద్దరికీ చెరో మచ్చ వేశాడు.

పడుకున్నాడు అంటే మనిషి. పడుకుంది అంటే గొడ్డు. ఫోను పెట్టేశాక కూడా అదే అనుకుంటూ కూర్చున్నాను. పప్పు మాడింది.

మూడో రోజు, శనివారం. కొమ్మవరం నీళ్ళ గేటు.

ఇక్కడ గేటు ముందు తెల్ల గీతతో ఒక గడి ఉంటుంది. ఒక్కొక్కరే అందులోకి వెళ్ళి నిలబడాలి. గేటు కాపలా ఖాసింపీరా ముఖం చూసి మనిషికి ఇరవై లీటర్లు వదులుతాడు. నా కుక్కల కోసం ఇంకో చెంబెడు వదులుతాడు, పైవాళ్ళకి తెలిస్తే ఆయన ఉద్యోగం ఏమవుతుందోనని నాకు భయం. ఈసారి ఆయనే చెప్పాడు.

“ఇంక రెండు వారాలే పెద్దమ్మా నేను. ఆ తర్వాత కన్ను పెడతన్నారు. మీ లారీల కన్నే. అన్నీ నేర్చేసుకుందంట గదా.”

తర్వాత మాటల్లో మాటగా చెప్పాడు, పోయిన నెల ఏటిగడ్డ మలుపులో కట్టెల మోపుతో పోయే మనిషిని లారీ కొట్టేసిందని. ఏ ఊరో తెలియలేదట, కట్టెలు మాత్రం అక్కడే చాలా రోజులు పడి ఉన్నాయట. ఆడమనిషా మగమనిషా అని అడిగాను. ఆడమనిషే అన్నాడు.

డబ్బా మోసుకుని బండి దాకా ఎలా వచ్చానో తెలియదు. సగం నీళ్ళు ఒలికాయి. లైను కలిపి జ్ఞానమ్మ వదినను పిలిచాను.

“వదినా, కట్టెల మోపు బొమ్మ గుర్తుందా?”

“నెత్తిన మోపు పెట్టుకుని, వెనక్కి తిరిగి పోతా ఉంది. అదేనా?”

“అదే. నువ్వేమన్నావు?”

“ఏమంటాం వదినా. ఆడమనిషి, కట్టెలు మోసుకుని పోతా ఉంది అన్నా.”

నేనూ అదే అన్నాను. ఇద్దరి మాటా కలిసింది. మచ్చ పడలేదు.

ఆమె చాలాసేపు దగ్గింది. దగ్గు ఆగాక సుహాస్ సారు నాతో అన్నది చెప్పాను, చివరి మాట సంగతి. గొడ్డూ పోతా ఉంది, ఆడదీ పోతా ఉంది. పుట్టినప్పటినుంచీ మన నోట్లో రెంటికీ ఒకటే మాట. మగాడికి వేరే మాట, పదిమందికి వేరే మాట. ఒంటరి ఆడదానికి గొడ్డు మాటే.

“మా పాస్టరమ్మ గారైతే పోతున్నారు అనేదాన్ని వదినా,” అంది. “కట్టెలు అమ్ముకునేదాన్ని ఎవరంటారు అట్టా.”

నాలుగేళ్ళలో ఎన్ని బొమ్మలకి ఎన్నిసార్లు ఉంది అన్నామో ఇద్దరికీ గుర్తు లేదు. మాకు బొమ్మే వస్తుంది, తర్వాత ఏమైందో రాదు.

నాలుగో రోజు, ఆదివారం. మళ్ళీ వెలిగుంట.

నీళ్ళు తెచ్చుకోగానే వెనక్కి వచ్చేశాను. బాపనమ్మ ఇంటికి పోయి చెప్పాను, ఒక్కరే మలుపుకి రావద్దు, తప్పకపోతే ఇద్దరు కలిసి పక్కపక్కనే ఉండండి, అప్పుడు ఆగుతుంది అని. ఎందుకని అడిగింది. మా నోటి వల్ల అని చెప్పలేకపోయాను. కంటిలో దోషం ఉంది అన్నాను. బాపనమ్మ నవ్వలేదు. మోచెయ్యి చూసుకుని సరే అంది. మంగతాయికి తమతో ఊడ్చే పెంటమ్మను జత చేసింది. మంగతాయికి నేను రెండు వేళ్ళు కలిపి చూపించి, ఒక వేలు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. తల ఊపింది. అర్థమైందో, ముసలిదాన్ని నొప్పించడం ఎందుకని ఊపిందో.

నేనూ జ్ఞానమ్మ వదినా ఇకమీద ఏ ఆడదానికైనా ఉన్నారు, పోతున్నారు అనాలని అనుకున్నాం. అనుకోవడం తేలిక. ఎనిమిది అంకెల్లో అరవై ఎనిమిదేళ్ళ నోరు తిరగదు. అందుకని మధ్యాహ్నం పని లేని వేళ లైనులో సాధన చేశాం.

“వదిన గారు దగ్గుతున్నారు,” అన్నాను.

“తిరపతమ్మ గారు భయపడుతున్నారు,” అంది.

“పోలి గారు చెప్పులు కొరుకుతున్నారు.”

చాలా రోజులకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఆమె, మా అమ్మని కూడా ఎప్పుడూ ఉన్నారు అనలేదు వదినా అంది.

ఆరో రోజు, మంగళవారం. అక్కడే.

సోలార్ ప్లేటు బీట ఇంకో జానెడు పాకింది. ట్యాబుకి చార్జింగు సరిగా ఎక్కడం లేదు. సరిగ్గా బొమ్మ వచ్చే వేళకి ఆరిపోతే ఏం చెయ్యాలో అని పొద్దున్నుంచీ దాని మీదే కన్ను పెట్టి కూర్చున్నాను.

నిన్న మూడు ఆడ బొమ్మలు వచ్చాయి. మూడింటికీ సరిగా అన్నాం, మూడుసార్లూ ఆగింది. ఈ రోజు మూడు గంటలకి ఎక్కడో తెలియని దారి, ఎర్ర గుడ్డ నెత్తికి చుట్టుకుని ఒక పిల్ల మేకను తోలుకుపోతోంది. గంట మోగగానే నా నోరు దానంతట అదే, పిల్ల పోతుంది అనేసింది. అన్నాక తెలిసింది. వెనక్కి తీసుకునే వీలు లేదు. చేత్తో నోరు మూసుకుని కూర్చున్నాను.

జ్ఞానమ్మ వదిన పోతున్నారు అందట. మాట కలవలేదు కాబట్టి లారీ ఆగింది. చెరో మచ్చ. రెండోది. ఆ మచ్చ పడినందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

సుహాస్ సారు ఫోను చేశాడు. ఈసారి భయపడకుండా అంతా చెప్పాను. కట్టెల మోపు సంగతి కూడా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు.

“మా అమ్మ ఇంట్లో ఉంది అనే అంటానండి నేను కూడా,” అన్నాడు.

“ఈ రూలు ఎవరు పెట్టారు సార్?”

“ఎవరూ పెట్టలేదండి. మీరంతా మాట్లాడింది విని మనుషుల్నీ గొడ్లనీ అదే విడగొట్టుకుంది. నాలుగు వందల మంది నాలుగేళ్ళు చెప్పారు. దానికి ఇంక ఏ అనుమానమూ లేదు.”

పైకి రాస్తాను అన్నాడు. రాసినా వచ్చే సోమవారానికి అందదు అన్నాడు. సోమవారం ఏంటి అని అడిగితే, మీకు ఉత్తరం రాలేదా అన్నాడు. నేర్చుకోవడం అయిపోయిందట. సోమవారం నుంచి కన్ను, దాచుకున్న మా మాటలతో తనకు తానే జవాబు చెప్పుకుంటుందట. ఇక మమ్మల్ని అడగదు.

“అయితే మేం ఇప్పుడు సరిగ్గా అన్నా వినదా?”

“ఇంక వినదండి.”

పని పోయినందుకు బాధపడాలి. అది గుర్తుకే రాలేదు. మా మాట తప్పు, ఆ తప్పంతా దాని దగ్గర ఉంది, మమ్మల్ని మాత్రం బయటికి పంపేశారు.

పన్నెండో రోజు, సోమవారం. అక్కడే.

పొద్దున్న ట్యాబు తెరిస్తే తెల్లగా ఉంది. లైను లేదు. జ్ఞానమ్మ వదినతో మాట్లాడదామంటే ఆమె నెంబరు నా దగ్గర లేదు. నాలుగేళ్ళు ఆఫీసు లైనులోనే మాట్లాడుకున్నాం, అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఉప్పు మళ్ళ పక్కన గది అంటే ఎన్ని ఉప్పు మళ్ళు, ఎన్ని గదులు.

వేరే ఊరికి పోవాల్సింది. కాళ్ళు కదల్లేదు. బండి తలుపులో కూర్చుని పది గంటల బారు కోసం చూస్తున్నాను. పోలి నా కొంగు కింద దూరింది. అప్పుడు మలుపు వైపు చూశాను.

మంగతాయి ఒక్కతే ఉంది. నడుం వంచి, దారికి వీపు పెట్టి ఊడుస్తోంది. పెంటమ్మకు జ్వరమని తర్వాత తెలిసింది. దూరంగా దుమ్ము లేచింది. లారీ హారన్ మొదలుపెట్టింది. హారన్ కొట్టిందంటే ఏం అనుకుందో నాకు తెలుసు. ఏం అనుకుందో, ఏ మాటతో అనుకుందో కూడా తెలుసు.

నేను లేచి పరిగెత్తబోయాను. నా మోకాళ్ళతో అంత దూరం చేరలేను. చేరినా ఆమెకి పక్కనే నిలబడేలోపు కంటికి ఒకటీ ఒకటీగానే కనిపిస్తాం. అరిచాను, ఎవరికి వినిపిస్తుంది.

దొర మలుపుకి నాకంటే దగ్గరగా, రోడ్డు అంచున తుమ్మ నీడలో ఉన్నాడు. వాడు పడుకున్నాడు అని ఆ కంటికి నేర్పింది నేనే. ఆ తప్పును దిద్దిస్తానని సుహాస్ సారు అన్నాడు. దిద్దించాడో లేదో తెలియదు. దిద్దించి ఉంటే ఇద్దరూ పోతారు.

“దొరా, మంగ. మంగ దగ్గరికి పో.”

నేను చెబితే ఏనాడూ కదలనివాడు లేచాడు. ఆమె చెవుల వెనక గోకుతుందని పోయాడేమో. తహసీల్దారులాగా, తొందర లేకుండా, జోళ్ళు టపటపమంటూ రోడ్డు మధ్యకి నడిచాడు. మంగతాయికీ లారీకీ మధ్య తారు వాసన చూశాడు. ఒకసారి చుట్టూ తిరిగి పడుకున్నాడు.

హారన్ ఆగిపోయింది. చక్రాలు కీచుమన్నాయి. తొమ్మిది లారీలు ఒకదాని మీద ఒకటి పడబోయినట్టు వచ్చి నిలిచాయి. వాడికీ మొదటి లారీకీ మధ్య రెండు మూరల ఎడం కూడా లేదు.

లారీలోంచి ఒక గొంతు వచ్చింది. ముసలి ఆడ గొంతు. మాటకి ముందు చిన్న దగ్గు.

“పడుకున్నాడు,” అంది.

ఆ దగ్గు నాకు తెలుసు.

మంగతాయి అప్పటికీ ఊడుస్తూనే ఉంది. గింజల మీద లారీ నీడ పడితే తల తిప్పింది. లారీని చూసింది, కుక్కని చూసింది, రోడ్డు మీద కూలబడిన నన్ను చూసింది. నా దగ్గరికి వచ్చి ఒక వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ రోజు నేను చూపించిందే. అవును అన్నాను.

పదిహేడో రోజు, శనివారం. కొమ్మవరం నీళ్ళ గేటు.

ఈ ఐదు రోజులూ దారిలో ఉన్న ప్రతి ఊళ్ళో ఆగి చెప్పాను, ఒంటరిగా మలుపుల్లో తిరగవద్దని. కొందరు విన్నారు. కొందరు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ట్యాంకు అడుక్కి వచ్చింది. కర్ర పొడిగానే పైకి వస్తోంది.

గేటు దగ్గర ఖాసింపీరా కుర్చీ లేదు. ఆయన చెప్పినట్టే కన్ను పెట్టేశారు. స్తంభానికి గుండ్రంగా, కోడిగుడ్డంత. వెలిగుంట ఆడవాళ్ళు పదకొండు మంది ఎండలో డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మగవాళ్ళు నీళ్ళు పట్టుకుని పోయారట. వీళ్ళు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారట. ఇద్దరేసి గడిలోకి పోతే, ఒక్కరే రావాలి అంటోందట. ఒక్కరు పోతే గేటు తీయదట.

నేను జుట్టు సరిచేసుకుని, కొంగు కప్పుకుని గడిలోకి వెళ్ళి నిలబడ్డాను. నా పేరు తిరపతమ్మ అని చెప్పాను. ఇంటి పేరు చెప్పాను. కన్ను కాసేపు చూసింది. ఈసారి వచ్చింది దగ్గు గొంతు కాదు. నా గొంతే.

“ఏదో ఉంది,” అంది.

గేటు తెరుచుకోలేదు.

వెనక ఎవరూ నవ్వలేదు. బాపనమ్మ నన్ను చూడలేదు, నా వెనక ఉన్న కుక్కను చూసింది.

“అవ్వా, దొరను నిలబెట్టు.”

నేను బయటికి వచ్చాను. మంగతాయి దొర మెడపట్టా పట్టుకుని తీసుకుపోయి, గీతలో కూర్చోబెట్టి, గబగబా వెనక్కి వచ్చింది. వాడు జోళ్ళతో గడి మధ్యలో కూర్చుని కంటివైపు చూశాడు.

“దొర ఉన్నాడు,” అంది నా గొంతు. నేను ఆ రోజు ఆత్రంలో అన్న పేరు కూడా దాచుకుంది.

గేటు తెరుచుకుంది. నా డబ్బా పెట్టాను. సరిగ్గా ఇరవై లీటర్లు పడి ఆగింది. బాపనమ్మ తన డబ్బా తెచ్చి, వాడిని మళ్ళీ గడిలో కూర్చోబెట్టింది.

“దొర తీసుకున్నాడు. వచ్చే శనివారం రమ్మనండి,” అంది కన్ను.

పోలిని కూడా కూర్చోబెట్టి చూశాం. ఏదో ఉంది అంది.

చెట్టు కిందికి పోయి చుట్టూ కూర్చున్నాం. పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక డబ్బా. పంచడానికి బాపనమ్మ గ్లాసు తీసింది. ముందు పోలికి ఒక గుక్కెడు పోయబోతే నేనే ఆపాను, దాని వంతు నాలోంచి ఇస్తానని. మంగతాయి డబ్బాలో గ్లాసు ముంచి, అందరికంటే ముందు దొర గిన్నె నిండుగా పోసింది. ఎవరూ కాదనలేదు. జోళ్ళు విప్పి అరికాళ్ళు చూశాను. కుడి ముందు కాలు కొంచెం వాచినట్టుంది. కళ్ళలో తెల్లటి పొర కనిపించింది, పోయిన నెల లేదు అది. అందరూ వంగి చూశారు.

పదకొండేళ్ళు. అందరం ఆయన తాగేదాకా ఆగాం.